వెలుగు తగిలిన పిల్ల

సుబ్బరత్నానికి వెలుగంటే భయం. చీకటికి జడిసే ఆడవాళ్లు నాంపల్లిలో వీధికి పదిమంది దొరుకుతారు గానీ, బల్బు వెలిగితే గుండె గుభేలుమనే మనిషి ఆ పేట మొత్తానికి ఆవిడొక్కతే. పోనీ దీపాల జోలికి పోకుండా బతుకుదామా అంటే అదీ కుదరదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా బల్బు ముందు కూర్చోవడమే ఆవిడ ఉద్యోగం.

ఆబిడ్స్‌లో వామన్‌రావు అనే ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది. అందులో సుబ్బరత్నం టచింగ్ చేసేది. టచింగ్ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు విడమరచి చెప్పాలి. కెమెరాకు మొహమాటం లేదు. మొటిమ, అమ్మవారు పోసిన మచ్చ, కంటికింద నలుపు, ఏదీ వదలకుండా ఉన్నదున్నట్టు తీసి పెడుతుంది. ఉన్నదున్నట్టు ఎవరికి కావాలి? అందుకని నెగటివ్‌ను వాలుగా ఉన్న అద్దం మీద పెట్టి, అద్దం వెనక బల్బు వెలిగించి, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో చుక్క చుక్కా పెట్టుకుంటూ ఆ మచ్చలన్నీ మాపాలి. సుబ్బరత్నం చేయి పడితే ఎవరికైనా పెళ్లికళ వచ్చేసేది. ఒకాయన తన ఫోటో తనకు ఇస్తే "ఇది నాది కాదు, నాది వెతికి ఇయ్యండి" అని కౌంటరు దగ్గర తగువేసుకున్నాడు కూడా.

ఆ విద్య ఆవిడకు తండ్రి దగ్గర అబ్బింది. ఆయనకు తెనాలిలో స్టూడియో ఉండేది. భర్త అమరేశ్వరరావు కర్నూలులో సర్కారు గుమాస్తా. రాష్ట్రం పెద్దదై రాజధాని హైదరాబాదుకు మారినప్పుడు ఫైళ్లతోనూ బీరువాలతోనూ పాటు గుమాస్తాలను కూడా రైలెక్కించారు. అలా వచ్చిపడ్డారు మొగుడూ పెళ్లాలిద్దరూ. నాంపల్లి స్టేషనుకు దగ్గర్లో విద్యావతి అనే ఆవిడ ఇంట్లో వెనక వాటా కిరాయికి తీసుకున్నారు. విద్యావతిది పాత హైదరాబాదు కుటుంబం. భర్త బేగంబజారులో పసుపూ మిరియాలూ టోకున అమ్మేవాడు. ఆవిడ నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం ముందు నోరే వినపడేది.

ఒకనాడు తన పెళ్లిఫోటోకు కాపీ తీయించుకుందామని స్టూడియోకు వెళ్లిన సుబ్బరత్నం, గోడకు వేలాడుతున్న ఫోటోల్లో టచింగ్ ఎక్కడెక్కడ చెడిందో ఊరికే ఉండలేక చెప్పేసింది. వామన్‌రావు కళ్లద్దాలు పైకి తోసుకుని, "అట్లయితే మీరే చేసి చూపించండి రత్నంబాయి" అన్నాడు. చూపించింది. మర్నాటి నుంచి ఆ బల్ల ఆవిడదైంది.

ఆ బల్ల సంగతి చెప్పాలి, ఈవిడ భయమంతా అక్కడే పుట్టింది. బల్బు ఉన్న చెక్కపెట్టె సరిగ్గా కూర్చున్న మనిషి పొట్టకు ఎదురుగా వస్తుంది. పెట్టెకు ఇవతలి వైపు చెక్క ఊడిపోయి, అద్దం మీదికి పోవలసిన వెలుగులో సగం ఒళ్లో పడేది. వామన్‌రావును అడిగితే "వడ్లాయనకు చెప్పిన, వస్తడు" అనేవాడు. ఆ వడ్రంగి ఎన్నడూ రాలేదు. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, వానాకాలంలో, సుబ్బరత్నం ఆ బల్ల ముందు నిండుచూలాలిగా కూర్చుని ఊళ్లోవాళ్ల మచ్చలు మాపేది. పొట్ట పెరిగినకొద్దీ పెట్టెకు దగ్గరైంది. బల్బు వేడి చీర కుచ్చిళ్లలోంచి వెచ్చగా తగిలేది. స్విచ్చి టక్కున వేయగానే లోపల బిడ్డ కదిలేది. అది ఆవిడకు మహా ముచ్చటగా ఉండేది.

"పుట్టకముందే ఫోటోకు తయారవుతోందండీ" అని భర్తకు చెప్పి నవ్వుకుంది కూడా. అమరేశ్వరరావు పేపరు దించకుండానే "అయితే మొహం కడుక్కోమను" అన్నాడు.

ఆ రోజుల్లోనే విద్యావతి తన ఇంటివాళ్ల ఫోటోలు తీసుకోవడానికి స్టూడియోకు వచ్చింది. వచ్చి, తెర తీసుకుని తిన్నగా లోపలికి నడిచింది. తెరలంటే, తలుపులంటే ఆవిడకు లెక్కలేదు. బల్ల ముందు సుబ్బరత్నాన్ని చూసి బుగ్గమీద వేలేసుకుంది.

"గిదేంది సుబ్బరత్నం, గిట్ల కూసున్నవ్? కడుపు మీద గింత ఎలుగు పడుతున్నది! గిట్ల ఎలుగుల పెరిగినోళ్లకు రేపు బిడ్డలు కారు, తెల్సా?" అని పకపకా నవ్వి, ఫోటోల కవరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

సుబ్బరత్నం చేతిలో పెన్సిలు మొన విరిగింది. బిడ్డలు కారు. తన కడుపులో ఉన్నది ఆడపిల్లయినా మగపిల్లాడైనా, దానికి సంతానం కలగదు. ఎంత మాట! అనేసి, పైగా ఆ నవ్వేమిటి? శత్రువు కూడా నవ్వడే! వెనకాలే వెళ్లి "ఏమిటండీ మీరన్నది?" అని అడగవలసింది. అడగలేదు. ఇంటివాళ్లను కిరాయికున్నవాళ్లు నిలదీయడమా అని ఒక జంకు. నిజమేనని మళ్లీ చెబుతుందేమోనని అంతకంటే పెద్ద జంకు. కెమెరా మీద కప్పే నల్లగుడ్డ ఒకటి తెచ్చి పొట్ట చుట్టూ కట్టుకుంది. అప్పటికే ఎన్ని నెలల వెలుగు లోపలికి పోయిందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

ఇంకొకరైతే ఆ మాటను పెద్దవాళ్ల చాదస్తమని దులిపేసుకునేవారు. సుబ్బరత్నానికి అది సాధ్యం కాకపోవడానికి ఆవిడ పనే కారణం. స్టూడియోలో డార్క్‌రూం ఉంది. ఎవరైనా పొరపాటున తలుపు సందు చేస్తే చాలు, వామన్‌రావు "దర్వాజా బంద్ కరో!" అని ఇల్లెగిరిపోయేట్టు అరిచేవాడు. కడగని ఫిలిం మీద రవంత వెలుగు సోకితే అంతే, అది నల్లబడిపోతుంది, ఇంక దాంట్లో ఏ బొమ్మా నిలవదు. దాన్ని మళ్లీ బాగుచేసే మందు లోకంలో లేదు. మచ్చలు మాపే తన పెన్సిలు కూడా దానిముందు దండగే. దేవుడు కడుపును చీకటిగా పెట్టింది ఊరికే కాదనీ, తలుపు సందు చేసింది తనేననీ సుబ్బరత్నం తీర్మానించుకుంది. భర్తకు చెప్పలేదు. విద్యావతితో ముభావంగా ఉండడం మాత్రం మొదలుపెట్టింది. ఆవిడ అది గమనించను కూడా లేదు.

ఆ చలికాలంలో ఆడపిల్ల పుట్టింది. హైమవతి అని పేరు పెట్టారు. కాళ్లూ చేతులూ, కళ్లూ ముక్కూ అన్నీ కుదురుగా ఉన్నాయి. మంత్రసాని బయటికి వెళ్లాక సుబ్బరత్నం పిల్లను గుడ్డలు విప్పి, బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి, ఎక్కడైనా కాలిన గుర్తుందేమోనని చూసుకుంది. ఏమీ లేదు. లేకపోవడం ఆవిడకు ధైర్యమివ్వలేదు. ఫిలిం పాడైందో లేదో కడిగేదాకా ఎవరికి తెలుసు?

పిల్ల పెరుగుతున్నన్నాళ్లు భయం కాస్త కునుకు తీసింది. హైమ చురుకైన పిల్ల. ఇంట్లో "ఏంటమ్మా" అనేది, గుమ్మం దాటితే "ఏందిరా బై" అనేది. విద్యావతిని పెద్దమ్మా అని పిలిచి, ఆవిడ వంటింట్లోనే సగం పెరిగింది. సుబ్బరత్నానికి అది నచ్చదు. నచ్చలేదని చెప్పడానికి కారణం చూపించలేక ఊరుకునేది.

హైమకు పన్నెండూ పదమూడూ వచ్చేసరికి భయం లేచి కూర్చుంది. దానికీ స్టూడియోయే కారణం. ఆ రోజుల్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఫోటో తీయించడం తప్పనిసరి. పట్టుపరికిణీ కట్టి, పూలజడ వేసి, వెనక నిలువుటద్దం పెట్టి, ఎదురుగా మొహమూ అద్దంలో జడా రెండూ పడేట్టు తీసేవారు. ఆబిడ్స్‌లో వామన్‌రావు స్టూడియో అద్దం పెద్దది కాబట్టి నాంపల్లి, కాచిగూడ, ఉస్మాన్‌గంజ్ పిల్లలంతా అక్కడికే వచ్చేవారు. ఆ నెగటివ్‌లన్నీ సుబ్బరత్నం బల్ల మీదికే వచ్చేవి. హైమ కంటే పెద్దపిల్లలు వచ్చారు. హైమ ఈడువాళ్లు వచ్చారు. ఆ తర్వాత హైమ కంటే చిన్నపిల్లలు, నిన్నమొన్న చీమిడి కారుస్తూ తిరిగినవాళ్లు, తలనిండా పూలతో సిగ్గుపడుతూ వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్క జడలో పూరేకులకు పెన్సిలుతో మెరుగు పెడుతూ సుబ్బరత్నం లోపల్లోపల ఏడ్చేది.

"ఏమండీ, పిల్లకు పదిహేను నిండాయి" అంది ఒక ఉదయం.

"సంతోషం" అన్నాడు అమరేశ్వరరావు.

"మీకన్నీ సంతోషాలే! ఇంకా ఏమీ కాలేదు, మీకు పట్టిందా అసలు?"

ఆయన పేపరు మడిచాడు. "ఆడవాళ్ల సంగతులు నాకేం తెలుస్తాయి రత్నం? అయినప్పుడే అవుతుంది. దాన్ని బెదరగొట్టకు" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో ఆ చివరి మాట ఒక్కటే పనికొచ్చేది. సుబ్బరత్నం చెవిని పెట్టనిదీ ఆ ఒక్కటే.

వాళ్లూ వీళ్లూ ఏమైనా అనుకుంటారని పిల్లకు ముందే ఓణీ వేయించింది. చూసినవాళ్లు అంతా సవ్యంగానే ఉందనుకునేవారు. ఇంట్లో మాత్రం హైమ నిద్ర లేవడం ఆలస్యం, ఈవిడ వెళ్లి పక్కబట్టలు దులిపినట్టు నటిస్తూ వెతికేది. ఉతకడానికి వేసిన లంగాలను వెలుగుకు పట్టి చూసేది. మెంతులు తినిపించింది, నువ్వులూ బెల్లమూ ఉండలు కట్టి తినిపించింది, బొప్పాయి తినిపించింది. హైమకు ఒళ్లు వచ్చింది గానీ ఏమీ కాలేదు.

పదహారు దగ్గరపడ్డాక ఇంక ఆగలేక దవాఖానకు తీసుకువెళ్లింది. లేడీ డాక్టరు నెమ్మదైన మనిషి. హైమను తెరవెనక పడుకోబెట్టి పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ వచ్చి కూర్చుంది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా. కొందరికి ఆలస్యమవుతుంది. మీకు ఎన్నో ఏట అయింది?"

"నాకూ కాస్త ఆలస్యమే అనుకోండి. కానీ దీని సంగతి వేరు డాక్టరుగారూ." సుబ్బరత్నం గొంతు తగ్గించి, ఇన్నేళ్లుగా కన్నతల్లికి కూడా చెప్పని బల్ల సంగతీ, బల్బు సంగతీ, స్విచ్చి వేస్తే పిల్ల కదిలిన సంగతీ మొత్తం చెప్పేసింది. చెబుతుంటే కళ్లనీళ్లు ఆగలేదు. "ఆ వెలుగు తగిలే దీనికిలా అయిందంటారా?"

డాక్టరు నవ్వి కొట్టిపారేసి ఉంటే ఏ గొడవా లేకపోను. కానీ ఆవిడ నిజాయితీ గల మనిషి, అదే వచ్చిన చిక్కు.

"ఎలుకలను పగలూ రాత్రీ ఆపకుండా దీపాల వెలుగులోనే ఉంచితే వాటి ఋతుక్రమం తారుమారవుతుందని ఎక్కడో చదివాను. కడుపుతో ఉన్న ఎలుకల మీద వెలుగు పడితే వాటి పిల్లలకేమవుతుందో నాకు తెలీదు. మనుషుల సంగతి అసలే తెలీదు, తెలుసని ఎవరైనా అంటే నమ్మకండి. మీరు పగలు పనిచేసి రాత్రి చీకట్లో పడుకున్నారు. మీకు భయపడవలసిన కారణమేమీ నాకు కనిపించడం లేదు. ఒక ఏడాది ఆగి మళ్లీ తీసుకురండి."

ఇంత మాట్లాడిందా, సుబ్బరత్నానికి వినపడింది ఎలుకలొక్కటే. తెరవెనక ఓణీ సర్దుకుంటున్న హైమకు మాత్రం మొదటినుంచి చివరిదాకా మొత్తం వినపడింది. ఆ పిల్ల బయటికి వచ్చి తల్లి వెనకాలే మాట్లాడకుండా నడిచింది. బస్సులోనూ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో చీకటి మొదలైంది. వెలుగు వల్ల చెడింది చీకటి వల్ల బాగుపడుతుందేమోనని సుబ్బరత్నం ఆశ. డార్క్‌రూంలో పాడైన ఫిలిం బాగుపడదని ఆవిడకు తెలుసు. తెలిసినా ఏదో ఒకటి చేయకుండా కూర్చోవడం కన్నతల్లి వల్ల అయ్యే పనా? గదిలో బల్బు తీసేసి జీరో బల్బు పెట్టింది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. పొద్దు గూకితే హైమ ఆ మసక గదిలోనే ఉండాలి, అక్కడే తినాలి, పడుకోవాలి.

"అమ్మా, ఇంటర్ పరీక్షలొస్తున్నాయి. కప్ప గుండె బొమ్మ వేసుకోవాలి, ఏమీ కనపడటం లేదు."

"పగలు వేసుకో."

"పగలంతా కాలేజీయే కదమ్మా."

"కప్ప గుండె సంగతి తర్వాత, ముందు నీ సంగతి చూడు" అంది సుబ్బరత్నం. అని తనే కొంగు నోట్లో కుక్కుకుంది. హైమ పుస్తకం మూసేసింది.

అమరేశ్వరరావు పేపరు చేతబట్టుకుని విద్యావతి వాళ్ల వరండాలోకి వలసపోయాడు. ఒకటి రెండుసార్లు "ఇదేం పద్ధతే?" అని గొణిగాడు. ఆవిడ చూసిన చూపుకు మళ్లీ గొణగలేదు. వెలుగును ఇంట్లోంచి తరిమేసిన ఈ మనిషే పొద్దున్నే తయారై వెళ్లి, సాయంత్రం దాకా బల్బు ముందు కూర్చుని పరాయి పిల్లల పూలజడలకు మెరుగులు దిద్దేది. ఆ సమయంలో ఆవిడ మనసులో ఏముండేదో చెప్పడానికి నాకే భయమేస్తుంది.

పరీక్షల ముందు ఒక సాయంత్రం స్టూడియోలో పని త్వరగా తెమిలి సుబ్బరత్నం పెందలాడే ఇంటికొచ్చింది. దీపాలు పెట్టే వేళ. గదిలో హైమ లేదు. పెరట్లో లేదు. పుస్తకాలు లేవు. ఆవిడకు పైప్రాణాలు పైనే పోయాయి. దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి పిల్ల సరిగ్గా మాట్లాడడం లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. హుస్సేన్‌సాగర్ గుర్తొచ్చింది. రైలు పట్టాలు గుర్తొచ్చాయి. పరుగున విద్యావతి వాకిట్లోకి వెళ్లింది. ఆవిడ చేటలో బియ్యం పోసుకుని ఏరుకుంటోంది.

"అక్కయ్యగారూ, హైమ ఏదండీ? ఇంట్లో లేదు!"

"ఏడికి పోతది? వస్తది గని, జర కూసో. ఎందుకు గంత ఫికర్?" అని విద్యావతి నవ్వింది.

ఆ నవ్వు చూసేసరికి సుబ్బరత్నానికి ఒళ్లు మండిపోయింది. పదహారేళ్లుగా అణిచిపెట్టిందంతా ఒక్కసారి తన్నుకొచ్చింది.

"మీకు అన్నీ నవ్వులాటగానే ఉంటాయి! ఆ రోజు స్టూడియోలోనూ ఇలాగే నవ్వారు. నా కడుపులో ఉన్నదానికి బిడ్డలు కారని నోరారా అనేసి, పైగా నవ్వారు! మీ నోటి మాటే తగిలింది నా పిల్లకు. పదహారేళ్లొచ్చినా పెద్దమనిషి కాలేదు. ఇంకేం కావాలి మీకు?"

విద్యావతి చేట కింద పెట్టింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది గానీ కోపం రాలేదు. ఏమీ అర్థం కానట్టు చూసింది.

"నేనెప్పుడన్ననే? ఆ, ఔ, అన్న. అంటే ఏమాయె? మా అమ్మ గట్లనే అంటుండె. ఎలుగుల పెరిగినోళ్లకు బిడ్డలు కారు, అందరు కొడుకులే అయితరని. మంచిమాటనే గదా అని నవ్విన. నాకు నల్గురు బిడ్డలాయె, ఒక్క కొడుకు కాకపాయె. మా అమ్మ గూడ గట్ల దీపం ముంగట కూసుంటె నాకు కొడుకు అయిపోతుండె గదా అనుకొని నవ్విన."

సుబ్బరత్నం ఒక అడుగు ముందుకు వేసింది. "బిడ్డలంటే... పిల్లలు కాదూ?"

"పిల్లలంటె పిల్లలు. బిడ్డలంటె బిడ్డలు. ఆడిపిల్లలు. గిన్నేండ్ల సంది గీడ ఉంటున్నవు, గిది తెల్వదా నీకు?"

తెలియకేం? విద్యావతి రోజూ పెద్ద బిడ్డ, నడిపి బిడ్డ అంటూ కూతుళ్ల ముచ్చట్లు చెప్పేది. కూరగాయలమ్మే ఆవిడ "కొడుకు, బిడ్డ ఇద్దరున్నరమ్మా" అనేది. ఈ ఊళ్లో బిడ్డ అంటే కూతురని సుబ్బరత్నానికి వచ్చిన రెండో ఏటికే బాగా తెలుసు. కానీ ఆ రోజు బల్ల ముందు విన్న మాట తెనాలి చెవులతో విన్న మాట. గుండెలో ఎలా పడిందో అలాగే ఉండిపోయింది. ఒక్కసారైనా బయటికి తీసి, ఇదేమిటని చూసుకునే ధైర్యం ఆవిడకు లేకపోయింది. ఆ వాకిట్లో గచ్చు మీద చతికిలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొట్టమొదట వచ్చింది మాత్రం సిగ్గు.

ఆ సిగ్గులోనూ భయం ఆవిడ చేయి వదల్లేదు. విద్యావతి మాట పోతే పోయింది. డాక్టరు చెప్పిన ఎలుకలున్నాయిగా?

"పిల్ల ఏదండీ?" అంది మళ్లీ, ఈసారి చిన్న గొంతుతో.

"ఇంట్ల దీపం లేకుంట జేస్తివి. పిల్ల ఏడ సదువుకోవాలె? మా ఇంట్ల కూసోమంటె, అమ్మకు కోపమొస్తదని కూసోలే. స్టేషన్ల మంచిగ దీపాలుంటయి, గాడికి పోయి సదువుకొమ్మని నేనే తోలిన. దినాం పోతున్నది. నువ్వు వచ్చే యాళకు వచ్చేస్తది."

సుబ్బరత్నం చెప్పులు కూడా వేసుకోకుండా నాంపల్లి స్టేషనుకు నడిచింది. ఏదో రైలు వచ్చే వేళ కాబోలు, కూలీలూ సామాన్లూ టీ అమ్మేవాళ్లూ, ఒకటే సందడి. ప్లాట్‌ఫారం పొడుగునా తెల్లటి ట్యూబులైట్లు భగ్గున వెలుగుతున్నాయి. అన్నిటికంటే ఎక్కువ వెలుగున్న చోట, బెంచీ మీద కాళ్లు ముడుచుకుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని హైమ బొమ్మ వేసుకుంటోంది. నెత్తిమీద నుంచి వెలుగంతా ఆ పిల్ల మీద కురుస్తోంది. సుబ్బరత్నానికి మొదట కలిగింది పిల్ల దొరికిందన్న సంతోషం కాదు. కొంగు తీసి ఆ పిల్లను కప్పేయాలనిపించింది. చెప్పుకోవడానికి బాగుండదు గానీ అదే నిజం.

"ఇక్కడేం చేస్తున్నావే? ఎవరైనా ఎత్తుకుపోతే?"

హైమ ఉలిక్కిపడి తలెత్తింది. తర్వాత తాపీగా పెన్సిలు పుస్తకంలో పెట్టింది. "ఎత్తుకుపోతే పోతారు. ఎలాగూ పనికిరానిదాన్నేగా."

"ఎవరన్నారే ఆ మాట?"

"నువ్వే. నోటితో అనలేదు, అంతే." హైమ తల్లికేసి తిరిగింది. "నా మొహం చూసి ఎన్నాళ్లయిందమ్మా నువ్వు? పొద్దున లేస్తే నా పక్కబట్టలు చూస్తావు. నా లంగాలు చూస్తావు. స్టూడియోలో ఎవరెవరి మొహాలో గంటలకొద్దీ చూస్తావు. నాకేమైనా అయితే దవాఖానకు నువ్వే తీసుకెళ్తావని తెలుసు. కానీ నాకు భయమేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నీకు చెబితే నువ్వు నాకంటే ఎక్కువ భయపడతావు."

సుబ్బరత్నం ఆ పిల్ల మొహం చూసింది. గడ్డం మీద చిన్న మొటిమ. కళ్లకింద నలుపు. చెంపల మీద చారలు, ఇప్పటివి కావు, ఎండిపోయినవి. పరాయి మొహాల్లో ఇలాంటివి కనిపెట్టడానికి ఆవిడకు రెప్పపాటు చాలు. బెంచీ మీద కూతురి పక్కన కూర్చుని, కూలీలు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా దాన్ని పొదువుకుని ఏడ్చింది. హైమ కూడా ఏడ్చింది. "పెద్దమ్మ మాటను నేను తప్పుగా విన్నానే" అని మొదలుపెట్టి, బిడ్డల సంగతంతా చెప్పింది. హైమ ఏడుస్తూనే నవ్వింది. "అయ్యో అమ్మా! బిడ్డంటే కూతురే కదా! నన్నడిగినా చెప్పేదాన్ని" అంది.

ఇంటికి వచ్చి సుబ్బరత్నం జీరో బల్బు తీసి పారేసి, అసలు బల్బు పెట్టింది. స్విచ్చి మీద వేలు పెట్టి హైమ మొహం చూసింది. వేసింది. కిటికీలకు కట్టిన దుప్పట్లు విప్పుతూ అమరేశ్వరరావు "నా పేపరు నాకు కనపడుతోందోయ్" అని పెద్దగా సంబరపడ్డాడు. హైమ పరీక్షలు రాసింది. బాగానే రాసింది. సుబ్బరత్నం పక్కబట్టల జోలికి వెళ్లడం మానుకుంది. మానుకోవడానికి ఎంత అవస్థ పడిందో ఆవిడకే తెలుసు. చేతులు ఊరుకోక అవే దుప్పట్లను నాలుగుసార్లు మడతలు పెట్టేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం స్టూడియో నుంచి వస్తుంటే, వీధి గుమ్మంలో విద్యావతి ఎదురుగా నిలబడి ఉంది. దగ్గరికి వచ్చి, "నోరు తెరువు" అని నోట్లో గుప్పెడు చక్కెర పోసింది.

"నీ బిడ్డ పెద్దమనిషి అయింది. పొద్దుగాల్నే అయింది. నువ్వు పనికి పోయినంక నాకొచ్చి చెప్పింది. నేనే చాప పరిచి కూసోబెట్టిన. ఏడుస్తున్నవా, పిచ్చిదానా? నవ్వు జర!"

సుబ్బరత్నం విద్యావతి భుజం మీద తలపెట్టి భోరుమంది. నోటినిండా చక్కెర. పదహారేళ్ల బరువు దిగిపోయింది. పిల్ల నల్లబడిన ఫిలిం కాదు, అంతా బాగానే ఉంది. దేవుళ్లందరికీ ఒక్కపెట్టున మొక్కుకుంది. మొక్కుతూ ఉండగానే విద్యావతి అన్న మాట ఒకటి ముల్లులా తగిలింది. పొద్దుగాల్నే అయింది. పొద్దున్న తను ఇంట్లోనే ఉంది. హైమకు జడ వేసింది తనే. ఎదురుగా కూర్చుని కాఫీ తాగింది తనే. అన్నీ తెలిసి ఆ పిల్ల, తను గుమ్మం దాటేదాకా ఆగింది.

లోపలికి వెళ్లింది. మూల చాప మీద హైమ మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉంది. తల్లిని చూసి సిగ్గుగా నవ్వింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు భయపడతావని."

"ఇందులో భయపడటానికేముందే పిచ్చితల్లీ? ఇన్నాళ్లూ దీనికోసమేగా నేను..."

"వచ్చే నెల రాకపోతే?" అంది హైమ మెల్లిగా. "నువ్వు అప్పుడే అది ఆలోచిస్తున్నావు కదమ్మా?"

సుబ్బరత్నం కాదని చెప్పబోయింది. నోట్లో చక్కెర ఇంకా పూర్తిగా కరగలేదు. గుమ్మం నుంచి చాప దగ్గరికి వచ్చేలోపు ఆవిడ ఆలోచిస్తూ వచ్చింది అదే.